మంగళవారం రైలు

"అవ్వా, కంపచెట్లల్లో పాడుబడిన ఆ గది నిజంగా రైల్వే స్టేషనేనా?"

ఠేసనే పాపా. ఇప్పుడు మేకలు పండుకుంటాండాయి గానీ, నేను పెండ్లయి వచ్చినప్పుడు ఆడ రైలు నిలబడేది. మా నాయన నన్ను ఈ ఊరికిచ్చిందే ఆ రైలును చూసి. మీ తాతను చూసుంటే ఇచ్చేవాడా? నా పుట్టిల్లు అనంతపురం. పొద్దున ఎక్కితే అమ్మ అన్నం దించేలోపల పోయేదాన్ని. టికెట్టు నాలుగణాలు... కాదు, మూడే. నాలుగైతే మీ తాత పంపేవాడు కాదు.

ఒగసారి ఏమాయనంటే, ఈడ ఎక్కేవాళ్లే లేరు, ఠేసను మూసేస్తారని పుకారు పుట్టింది. ఎల్లుండి ఒక ఆఫీసరొచ్చి చూసిపోతాడంట. రైలు లేకుంటే సంకలో బిడ్డనెత్తుకోని ఆరు మైళ్లు నడిచి బస్సెక్కల్ల. ఇంక అమ్మను చూసేదెప్పుడు? మీ తాత చెవిలో ఇల్లు కట్టుకోని పోరినా. ఆయప్ప ఇల్లిల్లూ తిరిగి, "అందరూ రాండప్పా, అనంతపురం దాకా పోయొద్దాం" అని చెప్పొచ్చినాడు.

ఆ పొద్దు ఊరే కదిలొచ్చింది. మూటలు, సద్దులు. ఒకామె కోడిపెట్టను గూడా తెచ్చింది, దానికేం పనో. ఆఫీసరు "ఇంతమందా!" అని నోరు తెరిచినాడు. రైలొచ్చి నిలబడింది. అప్పుడు మా మామ, మీ తాతకు నాయన, నింపాదిగా అడిగినాడు: "ఏమప్పా, ఈపొద్దు మంగళవారం గదా? ఉత్తరానికి వారశూల గదా, ఆ దిక్కుకు పయనం పోగూడదు గదా?"

అంతే. పైకి పెట్టిన కాళ్లు కిందికి దించినారు.

శూలకు విరుగుడు ఉండాదిలే. మంగళవారమైతే ఇంత బెల్లం నోట్లో వేసుకోని బయలుదేరొచ్చు. "బెల్లం తేండిరా!" అని మీ తాత అరిచినాడు. ఠేసను పక్కనుండే కొట్టం నుంచి బెల్లం ఉంట వచ్చింది. మీ తాతే పంచినాడు. పెద్దోళ్లకు ముందు, మా మామకు రెండుసార్లు. గార్డు జెండా ఊపినాడు. అందరి నోట్లో బెల్లమాయె, ఆపమని అరిచేదెవరు?

బెల్లం తినకుండా ఎక్కేసింది నేనొక్కదాన్నే. శూల నన్నేం చేయలేదు. మంగళవారం ఎట్లొచ్చినావని అమ్మ మాత్రం నాలుగు తిట్టి, అన్నం పెట్టింది.

కొన్నాళ్లకు ఠేసను మూసేసినారు. మీ తాతకు సిగ్గయిందో ఏమో, ఆపైన నేను అమ్మను చూడల్లంటే బస్సుదాకా తానే బండి కట్టేవాడు. ఇంట్లో మామ ముందర నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి, ఆ ఆరు మైళ్లూ నోరు మూయలేదు. వినలేక ఎద్దులే అలిసిపోయేవి. నాకైతే... రోడ్డు ఇంకొంచెం దూరముంటే బాగుండనిపించేది.

నీకూ అట్లాంటోడే దొరకల్ల తల్లీ. చెవులు మాత్రం గట్టివి పెట్టుకో.