నలభై మీటర్ల తీగ

(జావా దీవిలో గరుత్ కొండల కింద ఒక అద్దె ఇంటి పెరడు. ఆదివారం, మూడున్నర. చెట్టు మీద రేడియో తీగ కడుతున్న యాయత్‌కీ, కింద నిచ్చెన పట్టుకున్న ఇమాస్‌కీ పెళ్లై మూడు వారాలు. ఆమె తండ్రిని ఇద్దరూ అబా అంటారు. ఆయన ఉండేది చిరెబొన్ తీరంలో. ఆమెకి అతను కాంగ్, అతనికి ఆమె నెంగ్. ముగ్గురికీ సొంత సెట్లలో, రకరకాల బ్యాండ్ల మీద గాలిలో మాట్లాడుకోవడం అలవాటు.)

"ఇంకో కొమ్మ పైకి, కాంగ్."

"ఇంకో కొమ్మ పైన ఎర్రచీమలున్నాయి, నెంగ్."

"చీమలకి భయపడే అల్లుణ్ణి మా అబా ఎక్కడ వెతికి తెచ్చారో."

"ఆయన వెతకలేదు. రెండు మీటర్ల బ్యాండు మీద నువ్వే దొరికావు. మూరెడు యాంటెన్నా కడ్డీతో పడగొట్టాను నిన్ను."

"అప్పుడు చిరెబొన్‌లో మీ హాస్టలు మా వీధి చివరే. కాస్త గట్టిగా పిలిస్తే వినపడేదాన్నే. దానికి రేడియో ఎందుకో."

"గొంతు ఎంత శుభ్రంగా వచ్చేది చెప్పు. మీ అబా ఎనభై మీటర్లలాగానా? ఆయన బ్యాండు తిప్పితే మనిషి గొంతుకంటే గరగర ఎక్కువ."

"శుభ్రంగానే వస్తుంది, కొండ అడ్డొచ్చేదాకా. చెట్టెక్కారుగా, మనకీ అబాకీ మధ్య ఎన్ని కొండలున్నాయో చూసి చెప్పండి."

"రెండు. కాదు, మూడు. మబ్బులో ఇంకోటుంది."

"మీ రెండు మీటర్లు మొదటి కొండకే తల గుద్దుకుని ఇంటికొచ్చేస్తుంది. ముడి గట్టిగా వెయ్యండి."

"వేశాను. ఇవాళ కూడా వినపడకపోతే ఏమవుతుంది, నెంగ్?"

"బుధవారం నుంచి రంజాన్ ఉపవాసాలు. పండగ వెళ్లేదాకా అబా ఊరు దాటరు. ఆ తర్వాత వానలు, రోడ్లు తెగుతాయి. మొత్తం మీద నేనాయన్ని మళ్లీ చూసేసరికి మీకు పొట్ట వస్తుంది."

"పెళ్లిలో ఆయన ఆ మాట సరదాకి అన్నారనుకున్నాను."

"అబా రేడియో సంగతిలో సరదాలాడరు. గాలిలో కలిశాకే నేల మీద కాఫీ. అల్లుడి ఇల్లు నా ఇంట్లో వినపడాలి, అప్పుడే అల్లుడి గడప తొక్కుతాను అన్నారు, అందరి ముందూ. మా బాబాయి యాంటెన్నా నిలబెట్టేదాకా నాలుగేళ్లు సొంత తమ్ముడింటికే వెళ్లలేదు."

"మరి నలభై మీటర్లే ఎందుకు పట్టుకోమన్నారు? తన ఎనభై ఉండగా?"

"మన మీద జాలిపడి. ఎనభైకి చాంతాడంత తీగ కావాలి, మన పెరడు చాలదు. పైగా పగలు అది నిద్రపోతుంది. నలభై అయితే తీగ చిన్నది, పట్టపగలే కొండల మీంచి దూకుతుంది, గోల కూడా సగమే. నాలుగు నుంచి నాలుగున్నరదాకా అబా నలభై మీద కూర్చుంటారు. మూడో ఆదివారం ఇది."

"చిన్న తీగా? ఇది చిన్న తీగా? పక్కింటి ఇచిహ్ అక్క చేపల చెరువు దాటి, ఆవిడ రంబుతాన్ చెట్టుదాకా పోయింది."

"అంత దూరమెందుకు పోయింది?"

"నన్నడుగుతావేం? పైగా ఆవిడ దాని మీద తడి లుంగీలు ఆరేసింది."

"తియ్యమనలేకపోయారా?"

"ఎలా అంటాను? ఆవిడ చెట్టుకి ఆవిణ్ణి అడక్కుండా కట్టింది నేను."

"దిగండి, దిగండి. లుంగీలు నేను తెస్తాను. మీరు లోపలికెళ్లి సెట్టు వేడెక్కించండి."

*

"నాలుగైంది, కాంగ్. పిలవండి."

"గొంతు ఎలా ఉంది?"

"పెళ్లిచూపులకొచ్చినట్టుంది. మైకుకి దూరంగా జరగండి, కొరుకుతారేమో."

"చిరెబొన్ అబా, చిరెబొన్ అబా, గరుత్ నుంచి యాయత్ పిలుస్తున్నాడు. ఓవర్."

"ఆగండి. సెట్టు మీద సూది చూడండి."

"చూస్తున్నా. ఎర్రగీతలో నిలబడింది. మంచిదేగా?"

"ఎర్రగీత ఎప్పుడైనా మంచిదా? వదిలెయ్యండి ఆ మీట. తీగ మింగట్లేదు, మనం పెట్టిందంతా తిరిగి సెట్టులోకే కక్కుతోంది. ఇంకో నిమిషముంటే వాల్వు మాడిపోయేది. తీగ ఎంత కోశారు?"

"సరిగ్గానే కోశాను."

"ఎంత?"

"టేపుతో కొలిచి మరీ కోశాను, నెంగ్. రెండుసార్లు."

"ఎంత, కాంగ్?"

"నలభై మీటర్ల బ్యాండుకి ఎంత కోస్తారు? నలభై మీటర్లు."

"నలభై మీటర్లూ? మొత్తం నలభయ్యా?"

"ఏమైంది? ఎందుకలా నేల మీద కూర్చున్నావు? నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"నలభై అల పొడవు, మా రాజా. తీగ అందులో సగం. మధ్యనించి ఇటు పది, అటు పది. మన పెరట్లోనే అయిపోయేది."

"మరి రెండు మీటర్ల మీద నాకెప్పుడూ ఈ గొడవ రాలేదే."

"అది కొట్లో కొన్నారు. ఒక్కసారైనా కొలిచారా? అందుకే అంటారు మా అబా, రెండు మీటర్లవాళ్లు కాఫీ కలిపిచ్చాక తాగేవాళ్లని."

"నిచ్చెన వేసి ఇప్పుడే సగానికి కోసేస్తా. ఇంకా ఇరవై నిమిషాలుంది."

"వాన మొదలైంది. తడి చెట్టెక్కి పడే మొగుడు నాకొద్దు. కూర్చోండి."

"నవ్వడం ఆపేశావేం, నెంగ్?"

"ఆపలేదు. కాస్త ఊపిరి తీసుకుంటున్నాను."

"నా వల్లే కదా. మూడు ఆదివారాలూ. మొదటిసారి సోల్డరింగు ఊడింది, రెండోసారి కరెంటు పోయింది, ఇవాళ ఇది."

"కరెంటు కూడా మీరే తీశారా? ఉండండి. నలభై మీటర్ల తీగ అంటే..."

"అంటే మహా తప్పు. తెలిసింది."

"అంటే ఎనభైకి సరిగ్గా సగం, కాంగ్. మా ఇంటి మీద ముప్ఫై ఏళ్లుగా వేలాడుతున్నది ఇదే కొలత. మీకు తెలియకుండా మీరు అబా యాంటెన్నా కట్టారు."

"ఎనభై పగలు నిద్రపోతుందన్నావు."

"ఐదున్నరకి ఒళ్లు విరుచుకుంటుంది. అప్పుడు అబా ఎలాగూ పాత స్నేహితుల కోసం ఎనభైలోకి వస్తారు. ఈలోపు అరటికాయ బజ్జీలు వేస్తాను, రండి."

*

"ఈ గోల వింటున్నావా? ఎక్కడో పిడుగు పడితే ఇక్కడ చెవిలో పడుతోంది. ఇందులో మనిషిని ఎలా పట్టుకోవడం?"

"అది గోల కాదు. అప్పడాలు వేగుతున్న చప్పుడు. చిన్నప్పుడు బడి లెక్కలన్నీ ఈ చప్పుడులోనే చేశాను. అప్పడాలు వదిలేసి వాటి వెనక వినాలి."

"నీకు వినపడుతోందా?"

"తెగల్ అనే ఊళ్లో ఎవరో చేపల ధర చెబుతున్నారు. ఐపోయింది. ఇప్పుడు పిలవండి. సూది?"

"దిగిపోయింది. పూర్తిగా కిందికి. నెంగ్, తీగ మింగుతోంది."

"మింగుతుంది. కొలిచి మరీ కోశారుగా. పిలవండి."

"చిరెబొన్ అబా, చిరెబొన్ అబా, గరుత్ నుంచి యాయత్. ఓవర్."

"మళ్లీ. నిదానంగా."

"చిరెబొన్ అబా, గరుత్ నుంచి యాయత్, ఇమాస్. వినపడుతోందా? ఓవర్."

"... గరుత్, గరుత్. చిరెబొన్ నుంచి. గట్టిగా వినపడుతోంది, మధ్యలో ఉరుములు. ఓవర్."

"ఎవరు మాట్లాడేది? ఓవర్."

"మీ అత్తగారు. ఓవర్."

"మైకు ఇటివ్వండి, కాంగ్. అంబూ? అమ్మా, నువ్వా? మైకంటే వేడి పెనంలా చూస్తావు, నీకు ఇదెప్పుడు వచ్చింది?"

"ఓవర్ అనలేదు నువ్వు. ఓవర్."

"ఓవర్, ఓవర్. అబాని పిలు, అంబూ. ఆయన వినాలి. ఓవర్."

"ఆయన లేరు. నేను మధ్యాహ్నం నుంచీ కూర్చున్నాను. నలభై తిప్పడం నాకు రాదని ఎంత చెప్పినా వినలేదు. ఎనభై ఒక్కటే వచ్చు, అందుకని దీన్నే పట్టుకుని కూర్చున్నా. ఓవర్."

"లేరంటే? ఎక్కడికెళ్లారు? ఓవర్."

"ఉపవాసాలు వచ్చేస్తున్నాయి, పిల్లని చూడకుండా ఎలా అని పొద్దున్న మొదటి బస్సెక్కారు. మాట మాత్రం తప్పరట. మీ వీధి మొదట్లో కాఫీ కొట్టులో, కాఫీ ముట్టకుండా, మూడింటి నుంచీ కూర్చుని ఉంటారు. పరిగెత్తండి. మీ గొంతు ఆయనింట్లో వినపడిందని చెప్పండి. ఓవర్."