ఏలియా చల్లార్చిన కారు

ఏలియాకి పని వచ్చు. గురజాలలో ఎవరినడిగినా ఆ మాట ఒప్పుకుంటారు. కాకపోతే పని వచ్చినవాడు నోరు మూసుకుని కూర్చుంటే మెచ్చుకునేవాళ్ళు వాళ్ళే వస్తారన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అంచేత ఆ మెచ్చుకోలు కూడా తనే కానిచ్చేసేవాడు, అదీ ఎదుటి మనిషిని లేవనివ్వకుండా.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ఏడాదిన్నరైనా పెట్రోలుకి రేషను కూపన్ల గొడవ పోలేదు. అతను తోలే మాచర్ల బస్సుని యజమాని అమ్మేసుకున్నాడు. మూడు నెలలుగా ఏలియా ఇంట్లోనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో పెద్ద ఆసామి గోపాలకృష్ణయ్యగారు గుంటూరు నుంచి పాత కారొకటి కొని తెప్పించారు. అది నాలుగు మైళ్ళు పోయేసరికి ముక్కుతో, మూతితో ఆవిర్లు కక్కి నిలబడిపోయేది. వేడి చేసిందని ఇంట్లోవాళ్ళు దానికి రెండు చెంబుల పలచటి మజ్జిగ కూడా పట్టించి చూశారు. వేడి తగ్గలేదు సరిగదా, వీధి వీధంతా పులిసిన వాసన పట్టుకుంది.

దానికో డ్రైవరు కావాలన్నారు. ఎవరిని పెట్టుకునేదీ ఆదివారం సాయంత్రం తేలుస్తామన్నారు. ఏలియా బయల్దేరుతుంటే పెళ్ళాం పాపమ్మ ఉతికిన చొక్కా అందిస్తూ మరీ మరీ చెప్పింది.

"అడిగినదానికి అవునంటే అవునను, కాదంటే కాదను. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడమాక. ఈ పని పోతే మిరపకాయల కోతకి నాతోపాటు నువ్వూ రావాల."

ఏలియా బుద్ధిగా తలాడించాడు.

గోపాలకృష్ణయ్యగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. వాళ్ళమ్మ వీరరాఘవమ్మగారు గుమ్మం పక్కన చాప వేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. పొద్దుపోక వచ్చిన ఇరుగుపొరుగు నలుగురైదుగురు. లారీ తోలే యాకూబు అందరికన్నా ముందే వచ్చి స్తంభం పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. అతనూ ఈ పనికోసమే వచ్చాడు. ఉలకడు, పలకడు. వీడు నాకు పోటీయా అనుకుని ఏలియా స్థిమితపడ్డాడు.

"ఇట్టా కాగిపోయే బండిని నువ్వెప్పుడన్నా బాగుచేశావా?" అనడిగారు గోపాలకృష్ణయ్యగారు.

చేశాడు. నిరుడు ఎండాకాలంలో బస్సు యజమాని కారుని తన ఇంటి ముందు పెట్టుకుని, పాత నీళ్ళు వదిలేసి, థర్మోస్టాటు మార్చి, మంచినీళ్ళు నింపాడు. సరుకు చేతికొచ్చాక గంటన్నర పని. అవునండీ అని ఊరుకుంటే సరిపోయేది.

"చేశావా అంటారేంది బాబుగారూ! మా యజమాని కారు ఇట్టాగే ఉడికిపోతంటే మా ఇంటి ముందర పెట్టించా. పూర్తిగా చల్లారనిచ్చి కింద ట్యాపు తిప్పితే నీళ్ళు బెల్లప్పాకంలాగా ఎర్రగా దిగినయి. మన పల్నాడు నీళ్ళ సంగతి తెలిసిందేగా, అన్నీ సున్నపు రాళ్ళలోంచి ఊరేయ్యే. రేడియేటరు గొట్టాల్లో పట్టిన సున్నం గీకి మా ఇంటికి వెల్ల వేశా."

"కారులో సున్నంతో ఇంటికి వెల్లా?" అన్నాడు పక్కింటాయన.

"ఇంకా మిగిలితే చర్చికి పంపించా. ఇంతకీ అసలు జబ్బు అది గాదు. ఇంజను నెత్తిన థర్మోస్టాటని రూపాయి బిళ్ళంత తలుపు ఉంటది. నీళ్ళు చల్లగుంటే మూసుకుంటది, కాగితే తెరుచుకుని రేడియేటరుకి వదులుద్ది. అది కాస్తా బిగుసుకుపోయింది. నీళ్ళు కదిలేదెట్టా, చల్లారేదెట్టా? పాతది పీకేసి మద్రాసు నుంచి కొత్తది తెప్పించి బిగించా."

వెల్ల సంగతి తప్పిస్తే ఇంతవరకూ నిజమే. గోపాలకృష్ణయ్యగారు బాగుందన్నట్టు తలూపారు. ఆ తలూపడమే ఏలియా కొంప ముంచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బానల్లో పట్టి దాచిన వాననీళ్ళు తెచ్చి, చలవకి ఇన్ని సబ్జా గింజలు నానేసి, పైన బార్లీ జావ కలిపి పోశా. అంతే! రోహిణీ కార్తె, మిట్టమధ్యాహ్నం, రెంటచింతల నడిబజారు, మా యజమాని వెనక సీట్లో గడగడ వణుకుతా 'ఒరే ఏలియా, గొంగళి ఉంటే కప్పరా' అన్నాడు."

"రెంటచింతల్లోనే?"

"రెంటచింతల్లోనే! కాకి కూడా ఎగరని ఎండ. కారు మీద పాలచెంబు పెడితే పాలు గడ్డకట్టినయి. ఆడోళ్ళు చంటిపిల్లల్ని తెచ్చి బానెట్టుకి ఆనించి నిద్రపుచ్చారు. అప్పుడు నేను రేడియేటరు మూత తీశా. ఎందుకు తీశానా అని ఇప్పటికీ అనుకుంటా. లోపల్నుంచి ఒకటే చలిగాలి, ఆ గాలికి మబ్బు, ఆ మబ్బుకి వాన. వాన ఊరంతా గాదండోయ్, కారు యాడికి పోతే ఆడికి. దుర్గి రైతులు అడ్డంపడి, మా చేల మీదగా ఒక్క చుట్టు తిప్పి పొమ్మని కాళ్ళు పట్టుకున్నారు."

"మరి తిప్పావా?"

"కూపన్లు చాలొద్దూ!"

అరుగంతా గొల్లున నవ్వింది. గోపాలకృష్ణయ్యగారు తలూపడం మానేసి మీసాల్లో నవ్వుకుంటున్నారు. అది చూసి ఏలియా పని ఖాయమైపోయిందనుకున్నాడు. పాపమ్మ మాట గుర్తుకొచ్చింది గానీ, ఇంత మంచి కథని సగంలో ఆపడానికి అతనికి మనసొప్పలేదు.

"అసలు సంగతి ఇప్పుడు చెప్తన్నా. ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో తనంతట తానే తెలుసుకునే వస్తువు గదండీ ఆ థర్మోస్టాటు, దానికి దారి తెలియదా? మర్నాడు నరసరావుపేట పోవాల. నేను స్టీరింగు మీద చెయ్యి వెయ్యబోతే వద్దులే అన్నట్టు అదే తిరిగింది. సరేనని వెనక సీట్లో పడుకున్నా. పిడుగురాళ్ళ గేటు కాడ రైలొస్తంటే ఆగింది. ఎద్దుబండ్లొస్తే పక్కకి జరిగింది. నరసరావుపేటలో నీడ చూసుకుని నిలబడి నన్ను నిద్ర లేపింది. ఆనాటినుంచీ నేనా కారు తోలిందే లేదు బాబుగారూ. ఎక్కడం, ఊరి పేరు చెప్పడం, పడుకోవడం, అంతే నా పని!"

వీరరాఘవమ్మగారి చేతులు చింతపండు మీద ఆగాయి.

"ఒరేయ్ కిష్టయ్యా," అన్నది కొడుకుతో, "అయితే ఈయనకి జీతమిచ్చి పెట్టుకునేదెందుకురా? ఆ థర్మోస్టాటేదో ఒకటి తెప్పించు, కారే పోయొస్తది. వెనక సీట్లో పడుకునేదానికి మనింట్లో మనుషులు తక్కువయ్యారా ఏంది?"

ఈసారి నవ్వింది కథకి కాదు, ఏలియాని చూసి. అతని మొహం కందగడ్డయింది. చివర్న చెప్పిందంతా కోతలేనమ్మా, నేను తోలితేనే పోయింది అని ఒక్క మాటంటే చాలు. కానీ అంతమంది నవ్వుతుంటే దాన్ని బయటికి తీయడం అతనివల్ల కాలేదు.

"హారను కొట్టేదానికి మనిషి కావాలిగదమ్మా," అన్నాడు.

గోపాలకృష్ణయ్యగారు కళ్ళు తుడుచుకుని స్తంభం వైపు తిరిగారు.

"నీ సంగతేందయ్యా యాకూబూ? నీ చేతిలో గూడా బండి దానంతటదే పోద్దా?"

యాకూబు లేచి నిలబడ్డాడు.

"పోదండీ. నేను తోలితేనే పోద్ది. ఒక్కోసారి తోలినా పోదు. అప్పుడు దిగి చూసుకోవాల."

గోపాలకృష్ణయ్యగారు కారు తాళంచెవి తీసి యాకూబు చేతిలో పెట్టారు.