తెర మీద మాట్లాడిన గిరిజమ్మ గారు

పందొమ్మిది వందల తొంభై రెండు, ఆగస్టు పదో తేదీన గిరిజమ్మ గారు జహీరాబాద్‌లోని మన కళాశాలలో గణితశాస్త్ర అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు కళాశాలకు సొంత భవనం లేదు. ముంబై రోడ్డు పక్కన ఒక కిరాయి ఇంటి పై అంతస్తులో, లారీల హారన్ల మధ్య తరగతులు నడిచేవి. ఆ హోరును దాటుకుని చివరి బెంచీ వరకు స్పష్టంగా వినిపించే కంఠం ఒక్క గిరిజమ్మ గారిదేనని అప్పటి విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ జూలై ముప్పై ఒకటిన వారు పదవీ విరమణ పొందుతున్న సందర్భంలో, వారి పక్క విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసిన సహోద్యోగిగా ఈ అభినందన వ్యాసం రాసే భాగ్యం నాకు లభించింది.

గిరిజమ్మ గారి తండ్రి గురులింగప్ప గారు బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ అల్లం వ్యాపారంలో స్థిరపడినవారు. తనకు చదువు లేని లోటు కూతురి చదువుతో తీరాలని ఆశించి, ఆమె హైదరాబాద్‌లో ఎం.ఎస్సీ. పూర్తి చేసేదాకా పట్టు వదలలేదు. కూతురు ఉద్యోగంలో చేరిన కొద్ది కాలానికే ఆయన కన్నుమూశారు. వివాహం మాట ఎత్తిన బంధువులకు మొదట "సూద్దాం" అని, తర్వాత "ఇప్పుడొద్దు" అని, చివరకు ఏమీ చెప్పకుండా గిరిజమ్మ గారు తల్లి సంగమ్మ గారితోనే ఉండిపోయారు. ఉదయం కళాశాల, సాయంత్రం తల్లి. ఈ రెండింటి మధ్యనే వారి జీవితం సాగింది. ఆ రెండు చోట్లా మాటకు కొదవ ఉండేది కాదు.

రెండు వేల తొమ్మిదిలో వారు ఒక పునశ్చరణ శిక్షణకు హైదరాబాద్ వెళ్లి, లేటెక్ అనే అక్షర కూర్పు వ్యవస్థను నేర్చుకుని వచ్చారు. అందులో మనం రాసేదంతా మామూలు వచనమే. ఎక్కడ శీర్షిక కావాలో, ఎక్కడ సూత్రం రావాలో, ఎక్కడ ఆగాలో చిన్న చిన్న ఆదేశాలుగా ఆ వచనంలోనే రాయాలి. ఆ తర్వాత కంప్యూటర్ దానిని చదివి, అచ్చు పుస్తకంలో వలె తీర్చిదిద్దిన స్లైడ్లుగా మార్చి ఇస్తుంది. ఒక్క బ్రాకెట్ మూయడం మరచినా మొరాయిస్తుంది. తెలుగు ఒత్తులు మొదట్లో అక్షరం నుంచి విడిపోయి ఎక్కడో తేలేవి. వాటిని సరిచేసుకోవడానికి వారు ఒక వేసవి సెలవంతా వెచ్చించారు.

కంప్యూటర్ విభాగం హరికృష్ణ గారికి ఇది వింతగా తోచింది.

"ఏంది మేడం, గింత తిప్పలెందుకు? మౌస్‌తోని అటు గుంజి ఇటు పెడితే స్లైడ్ అయిపోతది గదా!"

"గుంజుడు నాతోని కాదు హరీ," అన్నారు గిరిజమ్మ గారు నవ్వుతూ. "నేను క్లాసుల ఎట్ల మాట్లాడుతనో గట్లనే రాస్త. యాడ పెట్టాల్నో గది సూసుకుంటది."

ఆ మాట అన్నప్పుడు వారికి గొంతు ఉంది. స్లైడ్లు అప్పట్లో వారి బోధనకు ఒక అలంకారం మాత్రమే. నెలకు ఒకటో రెండో పాఠాలు తెర మీద, మిగిలినవన్నీ నల్లబల్ల మీద, అంతకు మించి ఆ నిండైన కంఠంలో సాగేవి.

రెండు వేల పదహారు వేసవిలో ఆ కంఠం బొంగురుపోయింది. ఎండాకాలం, దుమ్ము అని కొన్నాళ్లు ఊరుకున్నారు. హైదరాబాద్ దవాఖానలో పరీక్షలు చేసి, స్వరపేటికకు కేన్సర్ సోకిందని చెప్పారు. శస్త్రచికిత్స చేసి స్వరపేటికను పూర్తిగా తొలగించారు. ప్రాణం దక్కింది. అప్పటి నుంచి వారు మెడ ముందు భాగంలో చేసిన రంధ్రం ద్వారా ఊపిరి తీసుకుంటున్నారు. మాట తిరిగి రాలేదు. సుద్దముక్క పొడి ఆ రంధ్రంలోకి పోతే ప్రమాదమని, నల్లబల్ల దగ్గరకు వెళ్లవద్దని వైద్యులు హెచ్చరించారు.

దసరా సెలవుల తర్వాత మెడకు పలుచని నూలు గుడ్డ చుట్టుకుని వారు కళాశాలకు తిరిగి వచ్చారు. గొంతుకు ఆనించి మాట్లాడే ఒక చిన్న యంత్రాన్ని మొదట ప్రయత్నించారు. తుమ్మెద రొదలాంటి ఆ శబ్దానికి తరగతిలో ఎవరో ఆపుకోలేక నవ్వారు. గిరిజమ్మ గారు ఎవరినీ మందలించలేదు. యంత్రాన్ని దాని పెట్టెలో పెట్టి మూత వేశారు. ఆ తర్వాత దానిని వారి చేతిలో ఎవరూ చూడలేదు.

యాజమాన్య సంఘం కార్యదర్శి చందర్ గారు మంచి మనసున్నవారు. ఆ మంచితనంతోనే సమావేశంలో ప్రతిపాదించారు.

"పాపం, మేడంకు క్లాసులంటే కష్టమైతది. లైబ్రరీల కూసోబెడ్దాం. జీతం గదే ఉంటది, ఫికర్ ఉండది."

అందరూ తలలూపారు. గిరిజమ్మ గారు ఒక కాగితం మీద రాసి చందర్ గారి ముందుకు జరిపారు: "నా పాఠం ఒక్కసారి వినండి. ఆ తర్వాత మీ ఇష్టం."

'చూడండి' అని రాయలేదు. 'వినండి' అనే రాశారు.

ఆ పాఠం జనవరిలో జరిగింది. రెండో సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థులు బెంచీల్లో, చందర్ గారు, ప్రిన్సిపాల్ గారు, నేను వెనుక కుర్చీల్లో కూర్చున్నాం. అంశం అనంత శ్రేణి. ఒక చెరుకు గడలో సగం కోసి పక్కన పెడితే మిగిలేది సగం. అందులో సగం కోసి దానికి చేర్చితే మిగిలేది పావు. ఇట్లా ఎంతకాలం కోసినా పక్కన పెట్టిన ముక్కల మొత్తం ఒక పూర్తి గడకు చేరదు. అయినా ఆ మొత్తం ఒకటే అంటాం. ఎందుకు?

స్లైడ్ ఒక్కసారిగా వెల్లడి కాలేదు. ఒక వాక్యం వచ్చి ఆగేది. విద్యార్థులు చదివేవారు. వారి ముఖాలను చూసి గిరిజమ్మ గారు మీట నొక్కితే మరో వాక్యం వచ్చేది. అర్థం కాలేదనిపిస్తే నొక్కేవారు కాదు. మనం మాట్లాడేటప్పుడు ఊపిరి కోసమో ఆలోచన కోసమో ఆగినట్లే ఆ స్లైడ్లు ఆగాయి. ఆ విరామాలు అన్నీ వారు వచనం రాసేటప్పుడే, ఎక్కడ పిల్లలు తడబడతారో ముందే ఊహించి, ఒక్కొక్క ఆదేశంగా రాసి పెట్టుకున్నవి.

సగం పాఠం అయ్యాక చందర్ గారు చేయి ఎత్తారు. చెరుకు పండించే కుటుంబం వారిది.

"మేడం, జర ఆగుర్రి. ఎన్నిసార్లు కోసినా జరంత ముక్క మిగులుతనే ఉంటది గదా. గా ముక్క ఎటు పోయింది? గది లెక్కల రాదా?"

ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం సిద్ధం చేసిన స్లైడ్లలో లేదు. గిరిజమ్మ గారు కుర్చీలో కూర్చుని అక్కడికక్కడే కొత్త వచనం టైపు చేయసాగారు. ముగించి మీట నొక్కారు. తెర మీద స్లైడ్ రాలేదు. ఎక్కడో ఏదో తప్పిందని తెలిపే ఇంగ్లీషు వాక్యాలు బారులు తీరాయి. మళ్లీ నొక్కారు. మళ్లీ అవే. ఒక బ్రాకెట్ ఎక్కడో మూయలేదు. అది ఏ వరుసలో ఉందో వెతకడానికి వారు తాము టైపు చేసిన ముడి వచనాన్నే తెర మీదికి తెచ్చి పైకీ కిందికీ జరపసాగారు. "ఒక్క నిమిషం" అని చెప్పడానికి సైతం వారికి గొంతు లేదు. చందర్ గారు ఇబ్బందిగా కిటికీ వైపు చూశారు. ప్రిన్సిపాల్ గారు లేవబోయారు.

అప్పుడు ముందు బెంచీలోని దీపిక అనే అమ్మాయి, తెర మీద ఉన్న ఆ ముడి వచనాన్నే పైకి చదవడం మొదలుపెట్టింది. ఆదేశాలను వదిలేసి, వాటి నడుమ ఉన్న తెలుగు వాక్యాలను మాత్రమే ఏరుకుంటూ చదివింది.

"మిగిలే ముక్క ఎప్పటికీ ఉంటుంది. కానీ అది ఎంత చిన్నది కావాలో మీరే చెప్పండి. అంతకంటే చిన్నదిగా నేను చేసి చూపిస్తాను."

రెండో వాక్యానికి మరో ఇద్దరు గొంతు కలిపారు. మూడో వాక్యానికి తరగతి అంతా చదివింది. గిరిజమ్మ గారి వేళ్లు ఆగిపోయాయి. ఆరు నెలలుగా వారి మాటను ఎవరూ పైకి పలకలేదు. ఆ రోజు ముప్పై మంది పలికారు.

దీపిక వెనక్కి తిరిగి, "సార్, ఎంత చిన్నది కావాల్నో చెప్పుర్రి," అని అడిగింది.

చందర్ గారు తటపటాయించి, "ఆవగింజంత," అన్నారు.

గిరిజమ్మ గారు బ్రాకెట్ సంగతి వదిలేసి, ఆ ముడి వచనం కిందనే మరో వరుస టైపు చేశారు. తరగతి దానిని అక్షరం వెంట అక్షరంగా, వారు టైపు చేస్తుండగానే చదివింది: "ఆరడుగుల గడ అయితే పదకొండు కోతలు చాలు. ఇంకా చిన్నది కావాలా?"

చందర్ గారు నవ్వారు. "సాలు మేడం, సాలు. సమజైంది."

లైబ్రరీ ప్రస్తావన మళ్లీ రాలేదు. గిరిజమ్మ గారు ఆ తర్వాత ఎనిమిదేళ్లకు పైగా, గత వారం వరకు, పూర్తి స్థాయి తరగతులు బోధించారు. త్రికోణమితి మొదలు వాస్తవ విశ్లేషణ దాకా ప్రతి పాఠాన్నీ, తాము పలకవలసిన ప్రతి మాటతో, ఆగవలసిన ప్రతి చోటుతో సహా రాసి స్లైడ్లుగా కూర్చారు. వారి తరగతిలో విద్యార్థులు సందడి చేయరని ఇతర అధ్యాపకులు ఆశ్చర్యపడేవారు. ఎదురుచూడటం ఆ పిల్లలకు అలవాటైంది.

తరగతి వెలుపల ఆ ఎదురుచూపు దొరకలేదు. మన స్టాఫ్ రూములో మాట ఎంత వేగంగా నడుస్తుందో మనందరికీ తెలుసు. ఎవరో ఒక సంగతి ఎత్తుతారు, గిరిజమ్మ గారు ఫోన్ తీసి సమాధానం టైపు చేస్తుంటారు, అది పూర్తయ్యేలోగా సంభాషణ జీతాల మీదికో వానల మీదికో వెళ్లిపోతుంది. వారు ఒకసారి తలెత్తి చూసి, టైపు చేసినదంతా చెరిపేసి, ఫోన్‌ను బల్ల మీద బోర్లించి పెట్టేవారు. క్రమంగా ఖాళీ పీరియడ్లలో కంప్యూటర్ గదిలోనే కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కడ కంప్యూటర్ వారు రాసి ముగించేదాకా ఆగేది.

ఇంటి సంగతి ఇంకా కఠినమైనది. ఒక ఆదివారం నేను పరామర్శకు వెళ్లినప్పుడు సంగమ్మ గారు అన్న మాటలు నాకు మరపు రావు.

"బిడ్డకు గొంతు పాయె సారూ. ఏదన్న ఉంటే రాసి సూపిస్తది. నాకేమొ సదువు రాదాయె. ఇంట్ల ఇద్దరముంటం, మాట మాత్రం నా ఒక్కదానిదే. గోడకు జెప్పుకున్నట్టున్నది."

గిరిజమ్మ గారు పక్కనే కూర్చుని వింటున్నారు. తల్లి భుజం మీద చేయి వేశారు.

కొన్నాళ్లకు వారు తల్లి కోసం స్లైడ్లు తయారు చేయడం ఆరంభించారు. తెర నిండా ఒక్క మాట. ఒక్కొక్క అక్షరం వచ్చి ఆగుతుంది. "గీ వయసుల నాకు బడి వెట్టినవా?" అని సంగమ్మ గారు మొదట కసిరారట. పొద్దున అన్నం తినేటప్పుడు ఒకటి, సాయంత్రం చాయ్ తాగేటప్పుడు ఒకటి చూపించగా చూపించగా, కొన్ని మాటలు ఆమెకు పట్టుబడ్డాయి. నీళ్లు. మందుగోలి. అన్నం. వస్త.

పరీక్షల విధుల కోసం గిరిజమ్మ గారిని నా స్కూటర్ మీద తీసుకెళ్లడానికి ఒక ఉదయం వారి ఇంటికి వెళ్లాను. బయలుదేరే ముందు వారు లాప్‌టాప్ తెరను తల్లి వైపు తిప్పారు. సంగమ్మ గారు కళ్లద్దాలు సవరించుకుని, మంచం మీద ముందుకు వంగి చదివారు.

"వ... స్త." ఒక్క క్షణం ఆగి, తలెత్తి బిడ్డను చూశారు. "వస్తవా? ఆఁ, జల్ది రా బిడ్డా."

వందల మంది విద్యార్థులకు అనంతాన్ని అర్థం చేయించిన ఆ అధ్యాపకురాలి ముఖంలో అంతటి విజయాన్ని నేను ఏ ఫలితాల రోజునా చూడలేదు.

సంగమ్మ గారు గతించి మూడేళ్లవుతోంది. ఇప్పుడు ఆ ఇంట్లో మాట్లాడేవారు లేరు, చదివి వినిపించేవారూ లేరు.

గత శుక్రవారం చివరి తరగతి ముగించుకుని వస్తున్న గిరిజమ్మ గారిని వరండాలో కలిసి, "ఇగ రేపటి నుంచి ఏం జేస్తరు మేడం?" అని అడిగాను. వారు ఫోన్ తీశారు. స్లైడ్ల మీద గ్రాంథిక వాసన గల భాష రాసే గిరిజమ్మ గారు, ఫోన్ మీద మాత్రం మన జహీరాబాద్ మాటే రాస్తారు. చాలాసేపు నిలబడి టైపు చేసి, తెర నా వైపు తిప్పారు.

"ఇన్నేండ్లు రేపటి పాఠం ఇయ్యాల రాసుకున్న. ఇప్పుడు పొద్దుగాల లేచి ఎవరి కోసం రాయాల్నో తెలుస్తలేదు మదన్ సార్."

అది చదివి నేను స్కూటర్ తీశాను. వారిని ఇంటి దగ్గర దించి, వారు పెట్టిన చాయ్ తాగి, వారు టైపు చేసినవన్నీ చదివి వచ్చాను.

ముప్పై మూడేళ్ల పాటు, సగానికి పైగా గొంతుతో, మిగిలిన కాలం గొంతు లేకుండా, ఒకే శ్రద్ధతో బోధించిన గిరిజమ్మ గారికి మన కళాశాల అధ్యాపక, సిబ్బంది, విద్యార్థి బృందాల తరఫున హృదయపూర్వక అభినందనలు. దుమ్ము సోకని చల్లని గాలి వారి ఊపిరికి అందుతూ ఉండాలని, వైద్య పరీక్షలన్నీ శుభవార్తలే చెబుతూ ఉండాలని, వారు పూర్ణాయుష్కులై సుఖంగా జీవించాలని, వారు ఒక వాక్యం రాసి ముగించేదాకా ఎదురుగా కూర్చోగల తీరిక ఉన్న మనుషులు వారి గడపలోకి వస్తూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

మదన్‌మోహన్
భౌతికశాస్త్ర విభాగం