పెడల్ మీద నాన్న కాలు

కిటికీలోంచి అలా చూడకు నాన్నా, ఆ చక్రాల కుర్చీ వెళ్ళిపోయింది. అమ్మ గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది. "ఆయన రేపోమాపో లేచి నడుస్తాడు, ఇదెందుకు మాకు" అంది. తెచ్చినాయన మొహం చూడాల్సింది.

అంతా నీ కాలు వల్లే. సరే, సగం నా వల్ల.

నువ్వు నిచ్చెన మీంచి పడి పది నెలలైంది. నడుం కింద చీమ కుట్టినా తెలీదు నీకు. అమ్మ తిండి మానేసింది. పది రోజుల కిందట నీకు పొద్దుపోతుందని కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టి, బెల్టు తీసి, కాలి మునివేళ్ళు పెడల్ మీద ఆనించానా, నీ కాలు టకటకా తొక్కడం మొదలెట్టింది. పాతికేళ్ళు జాకెట్లు కుట్టిన కాలాయె. కాలొచ్చేసిందనుకుని అమ్మ కళ్ళు తుడుచుకుని వెంటనే అన్నం పెట్టుకుంది.

నాకేమో అనుమానం. కూర్చుని చదివాను. పిక్క సాగితే ఆ కబురు వెన్నుపాముకి పోతుందట. అక్కడి నాడీకణం మెదడునేం అడగదు, "బిగుసుకో" అని అక్కడికక్కడే పిక్కకి చెప్పేస్తుంది. పాదం కిందికి దిగుతుంది. పిక్క వదులవగానే పెడల్ మళ్ళీ పాదాన్ని పైకి నెడుతుంది. మళ్ళీ కబురు, మళ్ళీ జవాబు. మామూలుగా అయితే మెదడు పైనుంచి "చాల్లే, ఊరుకోండి" అంటుంది. నీకు ఆ దారి తెగిపోయింది. పెద్దాఫీసరు సెలవు పెట్టిన ఆఫీసులా ఉంది నీ నడుం. ఎవడి ఇష్టం వాడిది.

తెలిశాకైనా ఆపానా? ఊహూఁ. రోజూ అమ్మ వచ్చే వేళకి సరిగ్గా అలాగే పెట్టాను పాదం. ఆమె రెండు ముద్దలు తింటుందని.

ఇప్పుడేమో కుర్చీ పోయింది. నువ్వు వీధి మొహం చూసి ఎన్నాళ్ళయింది?

తిట్టవేం? ఆ నవ్వేంటి?

ఆగు. కాలు కదులుతున్నట్టు కళ్ళతో చూడ్డమే తప్ప నీకసలు తెలియనే తెలియదుగా. మరి "నువ్వే తొక్కుతున్నావా" అని అమ్మ అడిగిన ప్రతిసారీ బుద్ధిగా తల ఊపావే? నువ్వు కూడా అమ్మ తినే ఆ రెండు ముద్దల కోసమేనా?

భలేవాడివి. నేనేమో వారం నుంచి సిగ్గుతో చస్తున్నాను.

అమ్మ వస్తోంది. నీ పాదం పెడల్ మీంచి తీసి కింద పెట్టేస్తున్నాను, కుర్చీవాడికి ఫోన్ చెయ్యమంటాను. కాలు సంగతి నేను చెప్తాను. తల సంగతి నువ్వు చెప్పుకో.