రెండు ట్రాక్టర్లు, రెండు వందల టన్నులు

బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటు దగ్గర కిటికీ లోపల గుమాస్తా భానుశ్రీ, బయట తోతాపురి కాయలు తెచ్చిన రైతు ఎల్లప్ప, పక్కనే రైతులు చీటీ తీసుకునే స్క్రీన్.

“నిండిపోయిందా? పొద్దన్నించి లోపలికి పోయింది రెండే ట్రాక్టర్లు గదా పాపా!”

“నేను కాదు పెద్దాయనా, కంప్యూటర్ చెప్తా ఉండాది. ఈ రోజుకు తీసుకునే రెండు వందల టన్నులూ వచ్చేసినాయంట.”

“ఓహో. రెండు ట్రాక్టర్లలో రెండు వందల టన్నులు. కొండను పెళ్ళగించి ఏసుకొచ్చినారేమో.”

“ఎగతాళి వద్దు. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో.”

“నువ్వేనా? సంతోషం తల్లీ. స్క్రీన్ కాడికి పోతే చీటీ రాలేదు, నిండిందని ఎర్రగా రాసింది. నా కాయి రెండు దినాలుగా ఎండలో ఉండాది. సాయంత్రానికి ట్రాక్టర్లోనే గుజ్జయిపోతాది. మీకు మిషన్ పని తప్పుతాది.”

“దాంట్లో తప్పుండదు. ఎన్ని టన్నులో రైతే కొట్టాల. నిన్న ఎవరో ‘రెండు ట్రిప్పులు’ అని కొట్టినారు, ప్రోగ్రాం ఆగిపోయింది. అందుకే కొట్టింది అంకెనా, కాదా అని చూసేట్టు రాసినా. అక్షరాలు కొడితే తీసుకోదు.”

“అంకె కొడితే?”

“తీసుకుంటాది.”

“ఏ అంకెయినా?”

“ఏ అంకె... ఉండండి, చూస్తా. మొదటాయన మూడు. రెండో ఆయన నాలుగు. మూడో... అయ్యో.”

“ఏంది?”

“పది అంకెలుండాయి. టన్నుల కాడ.”

“శభాష్! జిల్లా కాయంతా ఒకడే తెచ్చినాడు. ఎవుడప్పా ఆ జమీందారు?”

“పేరు అడగదు, టన్నులే అడగతాది. ఇది ఫోన్ నంబరు మాదిరి ఉండాది.”

“అయితే ఫోన్ కొట్టు! ఇప్పుడే కొట్టు. ఎనకాల నలభై ట్రాక్టర్లు ఆపేసినాడు గదా, ఆ గాడిదను నాలుగు మాటలు నేనే అడగతా.”

“కొడతా ఉండా... రింగవతా ఉండాది... పెద్దాయనా, మీ జేబులో ఏదో మోగతా ఉండాదే.”

“యాడికి పోయినా ముందు ఫోన్ నంబరే గదా తల్లీ అడిగేది. ఈడా అదే అనుకున్నా.”

“నాలుగు మాటలు అడగతానంటిరే?”

“మెల్లిగా! కట్ చెయ్యి. ట్రాక్టర్లోళ్ళు ఈ పక్కే సూస్తా ఉండారు.”

“ఆ అంకె తీసేసినా. మీది ఎన్ని టన్నులు?”

“నాలుగు.”

“ఇదో చీటీ. లోపలికి పోండి. వాళ్ళొచ్చి ఏమైందని అడిగితే ఏం చెప్పేది?”

“నీ ప్రోగ్రాం బంగారం, నా చెయ్యి బంగారం. కరెంటు పోయిందని చెబుదాం పాపా.”