తేరిన నీళ్ళు

హలో… ఆ, నేనే, మీ మామ్మని. పక్కనెవరైనా ఉన్నారా ప్రసన్నా?… లేరుగా. ఫోను చెవికి దగ్గరగా పెట్టుకో, మెల్లిగా చెప్తాను.

…లేదమ్మా, నాకేం కాలేదు. తిన్నాను, దొండకాయ వేపుడు… అది కాదే, మాట చెప్పనీ.

నీళ్ళలో క్రిములు చూసే ఆ రీసెర్చి సీటుకి ఇంటర్వ్యూ రేపేనా?… నువ్వు పరీక్ష చేసిన మన ఊరి కాలవ నీళ్ళ సంగతే చెప్తావా?… ఏంటీ? ఒక్క క్రిమీ లేదా?… మీ సారే ఆశ్చర్యపోయారా… పోరూ మరి!

ఎందుకంటే… అవి కాలవ నీళ్ళు కావే. అంటే, కాలవలోవే… కండక్టరు బుల్లిబాబు చేత ఐసు పెట్టెలో పంపానే, ఆ సీసా…

ఆ, చెప్పావు. 'ముంచి మూత పెట్టెయ్, ఇంకేం చెయ్యకు' అన్నావు. ముంచి చూస్తే ఒట్టి బురద. పైగా ఎవరివో గేదెలు అప్పుడే దిగాయి… నవ్వకు, ఇంకా ఉంది.

అంతమంది సార్లు చూసే చోటికి మన గడప నించి బురద నీళ్ళు పంపుతామా? నామర్దా కాదూ? బిందెలో పోసి, బురద అడుక్కి దిగడానికి ఇందుపగింజ అరగదీసి కలిపాను. పొద్దుటికి అద్దంలా తేరాయి. పైనీళ్ళు వంచి, గుడ్డలో వడగట్టి… కాచాను. మూడు పొంగులు. చల్లార్చి పోశాను.

…అవునే, కాచేశాను.

తిట్టు తల్లీ, పడతాను.

— ఎవరికీ చెప్పొద్దా?… సీటు పోతుందని తెలుసే. తెలిసే వారం నించి నోరు కుట్టుకుని కూచున్నాను. నిన్న పక్కింటి నాగదుర్గ కూతురికి మళ్ళీ విరేచనాలు. రామచంద్రపురం తీసుకెళ్ళి సెలైను పెట్టించారు. వాళ్ళు తాగేది ఆ కాలవ నీళ్ళే కదా. 'మీ మనవరాలు పరీక్ష చేసిందిగా మామ్మగారూ, నీళ్ళు మంచివేనటాండీ?' అని అడిగింది నన్ను. ఏం చెప్పమంటావు?

…ఏడవకు. తప్పు నాది, నా పేరే చెప్పు. మా మామ్మ వెంకటరత్నమ్మ, మూడో క్లాసు చదువు, గింజ అరగదీసి, వడగట్టి, కాచి పంపిందని చెప్పు. రేపు మళ్ళీ ముంచి, బురద బురదగానే పంపిస్తాను.

ఏదీ, సారుతో ఎలా అంటావో ఓసారి అను… ఊఁ… ఊఁ… 'కాచింది' అన్న ముక్క మింగేశావు. నేను వడగట్టింది చాలమ్మా, నువ్వు వడగట్టకు. గుర్తుపెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పు. మళ్ళీ మొదట్నించి అను…

హలో?… ప్రసన్నా?… పెట్టేసినట్టుంది. మళ్ళీ నేనే చేస్తాను.