టిఫిను తిన్న రెండు గంటలకు

భర్త కలిపిచ్చిన కాఫీ పక్కన పెట్టి, ఆమె అతని వేలికి సూది గుచ్చింది. షుగరు మీటరులో అంకె రెండుసార్లు చూసుకుంది.

"రెండొందల అరవై! ఏం తిన్నారు?"

"నువ్వు పెట్టిన రెండు పెసరట్లే."

"నిన్న అవే తింటే నూట ముప్పై. రేపు కంటి ఆపరేషను. ఇంతుంటే చెయ్యనన్నాడు డాక్టరు. హోటల్లో ఇడ్లీలు లాగించారా?"

"ఒట్టు! గడప దాటలేదు."

"మీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి."

"పోనీ, మళ్ళీ చూడు."

"చేతులు కడుక్కు రండి."

ఈసారి నూట ముప్పై రెండు. ఆమె అతని చెయ్యి వదల్లేదు.

"ఇందాక ఈ వేళ్ళతో ఏం ముట్టుకున్నారు?"

"చక్కెర."

"నోట్లో వేసుకున్నారా?"

"నీ కాఫీలో వేశాను. చెంచా కళ్ళకి ఆనలేదు."